వెండి పోగుల సంచి

సుమనకు పొద్దంతా ఒక ఎత్తు, పొద్దు గూకే వేళ ఒక్కటీ ఒక ఎత్తు.

పొద్దంతా పనిలో ఎట్లాగో గడిచిపోతుంది. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం, అత్త సుభద్రమ్మ మగ్గం గుంతలోంచి చెయ్యి చాపినప్పుడల్లా ఒక కండె అందివ్వడం, మధ్యలో వంట, మందుబిళ్లలు, వచ్చిపోయేవాళ్లు ఎన్నో నెల అని అడిగితే ఏడో నెల అని ఓపికగా చెప్పడం. గద్వాల నేతవాడలో కడుపుతో ఉన్న ఆడమనిషి అందరి సొత్తు. ఎవరైనా అడగొచ్చు, ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. ఆ సలహాలన్నీ పాటిస్తే మంచినీళ్లు తాగడానికి కూడా లేదు. సుమన అన్నింటికీ తలూపుతూ, ఎండ ఎదురింటి గోడ మీదికి ఎప్పుడు ఎక్కుతుందా అని కిటికీలోంచి చూసేది. ఎండ గోడెక్కిందంటే వంశీ ఫోన్ చేసే వేళయిందన్నమాట.

వంశీ ఆమె భర్త. నేతవాళ్ల ఇంట పుట్టి, మగ్గం గుంతలోకి దిగకుండా సెల్ టవర్ ఎక్కినవాడు. "అందరం గుంతలకు దిగి బతికితే నా కొడుకు పైకెక్కి బతుకుతుండు" అని సుభద్రమ్మ సగం గర్వంగా, సగం గుబులుగా చెప్పుకునేది. ఈ ఏడు అతనికి అమ్రాబాద్ అవతల అడవిలో పని పడింది. చెంచుల పెంటలకు, అంటే అడవిలోని వాళ్ల గూడేలకు, సిగ్నల్ అందాలని అక్కడ టవర్లు నిలబెడుతున్నారు. తమాషా ఏమిటంటే, సిగ్నల్ తేవడానికి పోయినవాడికే సిగ్నల్ లేదు. రోజూ పని దిగాక బండి మీద అడవి అంచు దాకా వచ్చి, ఒక బండరాయి ఎక్కి నిలబడితేనే గద్వాల పలుకుతుంది. చీకటి పడితే చెక్‌పోస్టు దగ్గర మళ్లీ లోపలికి వదలరు, పులులు తిరిగే అడవి మరి. మాటలకు దొరికేది ఆ కాసేపే. ఇటునుంచి సుమన చేద్దామన్నా ఆ కాసేపు తప్ప మిగతా వేళంతా అతని ఫోన్ మూగదే.

ఆ కాసేపటి కోసమే సుమన బతికేది. ఫోన్ మోగగానే చాప మీద ఒరిగి, స్పీకర్ పెట్టి, ఫోన్‌ను తెచ్చి కడుపు మీద ఆనించుకునేది. ముందు తనతో మాట్లాడడు. కడుపులో ఉన్న బిడ్డతోనే మొదలు.

"ఏం పెద్దమనిషీ, తిన్నవా?"

అంతే, లోపల ఒక తన్ను. పొద్దంతా ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న బిడ్డ ఆ ఒక్క మాటకు లేచి కూర్చున్నట్టే ఉండేది. వంశీ ఆనాటి ముచ్చటంతా చెప్పేవాడు. కోతులు రొట్టెల మూట ఎత్తుకుపోయిన సంగతి, మేస్త్రీ గురకకు పందులు పారిపోయిన సంగతి. అందులో సగం కల్పితమని సుమనకు తెలుసు. అయినా కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ఎక్కడ తన్నితే అక్కడ వేలితో తట్టి, "ఇంటుంది, ఇంటుంది" అని చెప్పేది. అంతకుముందు రెండుసార్లు ఆమెకు కడుపు నిలవలేదు. రెండూ మూడో నెల దాటకుండానే పోయాయి. ఈసారి ఏడో నెల దాకా వచ్చి తంతున్న బిడ్డ తన్నులు ఆమెకు నొప్పిగా ఎందుకుంటాయి?

సుమనకు తల్లి లేదు, కనుక పుట్టింటికి పోయే మాటా లేదు. వనపర్తిలో ప్రేమలత అని ఒక అక్క ఉంది. మంచిదే, చెల్లెలంటే ప్రాణమే. కాకపోతే ప్రపంచంలో ఏ భయం పుట్టినా ముందు ప్రేమలత ఫోన్‌లో దిగి, అక్కణ్నుంచి చుట్టాలందరికీ చేరుతుంది. ఐదో నెలలో పరీక్ష చేసి సుమన రక్తంలో చక్కెర ఎక్కువుందని చెప్పినప్పటి నుంచి ఆ భయాల్లో ఎక్కువ వాటా చెల్లెలికే వస్తోంది. ఒకరోజు ఒక వీడియో వచ్చింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, వెనకాల ఎర్రటి అక్షరాలు, గుండెలదిరే సంగీతం. ఫోన్ల నుంచి, టవర్ల నుంచి వచ్చే తరంగాలు కడుపులో పిండం ఎదుగుదలను దెబ్బ తీస్తాయట, తల్లి ఒంట్లో చక్కెరను తారుమారు చేస్తాయట, పుట్టే బిడ్డకు జీవితాంతం ఆ తేడా ఉండిపోతుందట. వీడియో వెనకాలే అక్క ఫోన్ కూడా వచ్చింది.

"చూసినవా? కడుపు మీద పెట్టుకుంటనని నువ్వే జెప్తివి గద. ఎంత పని జేసినవే సుమనా!"

సుమన ఆ వీడియోను మళ్లీ చూసింది, మళ్లీ మళ్లీ చూసింది. ఫోనంటే భయపడడానికి కూడా ఆ ఫోనే చేతిలో పట్టుకోవాల్సి వచ్చింది. చూసినకొద్దీ ఆమె మనసు వెనక్కి వెనక్కి పోయింది. వంశీ టవర్ల పనిలో చేరిన ఏడే మొదటి కడుపు పోయింది. రెండోది పోయినప్పుడు అతను వాడ పక్కనే ఒక టవర్ మీద పని చేస్తున్నాడు. ఇన్నేళ్లూ ఎందుకు పోయారు, ఎందుకు పోయారు అని దేవుణ్ని అడిగిన మాటకు ఇప్పుడు ఎవరో జవాబు తెచ్చి ఒళ్లో పెట్టినట్టయింది. దుఃఖానికి కారణం దొరికితే మనసు ఎంత తొందరగా దాన్ని పట్టుకుంటుందో చెప్పలేం.

ఆ సాయంత్రం ఫోన్ మోగినప్పుడు ఆమె దాన్ని కడుపు దగ్గరికి తేలేదు. కిటికీ గూట్లోనే ఉంచి, దూరంగా నిలబడి మాట్లాడింది.

"ఏం పెద్దమనిషీ..."

"ఆగు. ముందు నా మాట ఇను. నువ్వు ఆ పని ఇడిసిపెట్టు."

"ఏంది? ఏమైంది?"

"టవర్ల పని. అవి మంచియి గావంట. కడుపుల ఉన్నోళ్లకు మస్తు కరాబంట."

"ఎవరు జెప్పిండ్రు?"

"ఎవరో జెప్పిండ్రు. నువ్వు ఆ పనిలకు పోయినంకనే గద మొదటిది పోయింది? రెండోది గూడ గట్లనే గద? నీ పనే మింగింది ఇద్దర్ని!"

 అటునుంచి బండరాయి మీద గాలి వీస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. సిగ్నల్ పోయిందో, అతనే పెట్టేశాడో సుమనకు తెలియలేదు. అన్న మాట ఇంకా నోట్లోనే చేదుగా ఉంది.

మగ్గం మీద ఉన్న సుభద్రమ్మ అంతా విన్నది. కొడుకును అన్నందుకు కోడలిని ఒక్క మాట అనలేదు. అన్నం తిన్నాక పక్కన కూర్చుని, "ఆ వీడియోల ఇంకేం జెప్పిండ్రే?" అని అడిగింది. ప్రేమలత అప్పటికే ఇంకొకటి పంపింది. వెండి పోగులు కలిపి నేసిన గుడ్డ ఉంటుందట, దాన్ని కడుపుకు చుట్టుకుంటే తరంగాలు లోపలికి పోవట, పెద్ద పెద్ద పట్నాల్లో గర్భిణులు తెప్పించుకుంటున్నారట.

సుభద్రమ్మకు నవ్వొచ్చింది. "వెండి పోగుకు మన ఇంట్ల కరువా? గద్వాలోళ్లకు జరీ సంగతి వేరేటోళ్లు జెప్పాల్నా?"

ఆమె పెట్టె అడుగు నుంచి ఒక చీర తీసింది. నూలు ఒళ్లు, పట్టు అంచు, మూరెడు వెడల్పున జరీ కొంగు. ఆమె పెళ్లి చీర, ఆమె మామగారు స్వయంగా నేసింది. ఇప్పటి జరీ కాదు, అసలైన వెండి జరీ. పాత జరీ చీరలు కొనడానికి వీధుల్లో తిరిగేవాళ్లు ఎన్నిసార్లు వచ్చి అడిగినా, ఇంట్లో ఎంత ఇబ్బందిగా ఉన్నా, ఆమె ఆ పెట్టె మూత తెరవలేదు. ఇప్పుడు తెరిచి, కత్తెర తీసుకుంది.

"వద్దత్తా! ఏం జేస్తున్నవ్?" అని సుమన చెయ్యి పట్టుకుంది.

"ఊకో. నేను సచ్చినంక గిది ఎవలు గడ్తరు?"

కొంగు తెగింది. దాన్ని కోడలి కడుపుకు చుట్టడం సుభద్రమ్మకు నచ్చలేదు. ఆమె ఆలోచన ఆమెది. "ఉడుకుడుకు గిన్నెను గుడ్డతోటి పట్టుకుంటం గాని, ఒళ్లంత గుడ్డ సుట్టుకుంటమా? పాడు బుద్ధి దేనిదో దాన్నే మూట గట్టాలె" అంది. కొంగును మడత మీద మడత వేసి, నాలుగు పక్కలా కుట్టి, ఫోన్ సరిగ్గా పట్టే సంచి చేసింది. మూతికి బొందు కూడా పెట్టింది. ఫోన్ అందులో పెట్టి, బొందు లాగి, కిటికీ పక్కన మేకుకు తగిలించింది. "మోగితే ఇనబడ్తది. అప్పుడు తీసి మాట్లాడు. మిగిల్న టైమంత అండ్లనే ఉంటది" అని చేతులు దులుపుకుంది. తన పెళ్లి కొంగు బిడ్డకు కావలి కాస్తోందని ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

వినేవాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది. అసలే ఆ ఇంట్లో సిగ్నల్ అంతంతమాత్రం. కిటికీ దగ్గర ఒకటో రెండో గీతలు, అవి కూడా దయ కలిగిన రోజున. దాని మీద అన్ని మడతల వెండి. ఆ సంచిలోంచి ఏ తరంగమూ బయటికి రావడం లేదో ఏమో గానీ, లోపలికి మాత్రం ఏమీ పోవడం లేదు. ఆ ముక్క చెప్పగలిగినవాడు ఇంట్లో లేడు. అడవి అంచున బండరాయి మీద నిలబడి, ఫోన్ చెవికి పెట్టుకుని, ఎవరిదో ఆడగొంతు చెప్పే ఒకే వాక్యం వింటున్నాడు.

మరునాడు ఎండ గోడెక్కింది. సుమన రాట్నం ఆపి కూర్చుంది. ఎండ గోడ దిగకుండానే ఆరిపోయింది. ఫోన్ మోగలేదు. కోపమొచ్చి ఉంటుంది, రేపు చేస్తాడులే అనుకుంది, తనే చేయడానికి మొహం చెల్లలేదు. ఆ రేపూ మోగలేదు, ఆ తర్వాతా మోగలేదు. చీకటి పడ్డాక ఒకసారి సంచిలోంచి తీసి చూసేది. వంశీ పేరు ఎక్కడా ఉండేది కాదు. ఫోన్ కంపెనీ వాళ్లు ఇంగ్లీషులో పంపే మెసేజీలు మాత్రం గుట్టగా పడి ఉండేవి. వాటిని ఎవరు చదువుతారు? బిడ్డకు ఎక్కడ తగులుతుందోనని గబగబా మళ్లీ సంచిలోకి తోసేసి, బొందు బిగించేది.

వారం దాటింది. కోపం వచ్చినవాడు మూడు రోజులు ఊరుకుంటాడు, నాలుగు రోజులు ఊరుకుంటాడు. ఇన్ని రోజులు ఊరుకున్నాడంటే అది కోపం కాదు, మనసు విరిగిపోవడమే అని సుమనకు నిశ్చయమైంది. ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఆమె పడ్డ తపన ఇంతా అంతా కాదు. నేసిన గుడ్డలో ఒక పోగు తప్పితే విప్పి మళ్లీ నేయొచ్చు. అన్న మాటను ఏం చేస్తారు? పక్కిళ్లలో ఫోన్ మోగితే తనదేనేమోనని లేచేది. వీధిలో ఎవరైనా "తిన్నవా?" అని ఒకరినొకరు అడిగితే రాట్నం ఆపేసేది. అతని ముఖం ఎప్పుడు తలుచుకున్నా గుర్తొచ్చేది గానీ, గొంతు మాత్రం రోజురోజుకీ పలచబడుతున్నట్టు అనిపించి భయపడేది. కూర్చున్నచోటే కూర్చుని, తనే మెల్లగా "ఏం పెద్దమనిషీ" అని పిలిచి చూసింది. బిడ్డ కదలలేదు. తల్లి గొంతు దానికి పొద్దస్తమానం వినేదే. అది ఎదురుచూసే గొంతు ఇది కాదు.

"పనిల ఉండొచ్చు బిడ్డా" అనేది సుభద్రమ్మ. ఆమెకూ బెంగగానే ఉంది. బీచుపల్లి ఆంజనేయస్వామికి కొబ్బరికాయ మొక్కుకుంది. మగ్గం మీద పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె కూడా ఆమె చేతిలో ఆ రోజుల్లో తప్పటడుగులు వేసింది.

దవాఖానకు పోవాల్సిన రోజు వచ్చింది. వరసలో కూర్చున్నప్పుడు సుమన ఉండబట్టలేక సంచిలోంచి ఫోన్ తీసి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, వంశీకి చేసింది. మిట్టమధ్యాహ్నం. అందదని తెలుసు. తెలిసి కూడా, మీరు చేసిన నంబరు అందుబాటులో లేదు అని ఆ ఆడగొంతు చెప్పగానే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

డాక్టరమ్మ ఓపిక గల మనిషి. బిడ్డ గుండె చప్పుడు విని బాగుందని చెప్పింది. చక్కెర కాస్త అదుపులోకి వచ్చిందంది. సుమన ఫోన్ల గురించి తన అనుమానం అడిగింది.

"ఎలుకల మీద, కోడిగుడ్ల మీద పరిశోధనలు చేశారమ్మా. కొన్నింటిలో ఎదుగుదలలో, చక్కెరలో తేడా కనిపించిందన్నారు. కొన్నింటిలో ఏమీ లేదన్నారు. మనుషుల సంగతి ఇంకా తేలలేదు. ఫోన్ ఒంటికి ఆనించుకోకు. స్పీకర్ పెట్టి చెయ్యి దూరంలో ఉంచి మాట్లాడుకో. అంతకుమించి భయపడితే నీ నిద్ర పోతుంది, అది నిజంగా చెడ్డది."

"మరి నాకు పోయినయి... ఆ రెండు... దానివల్లనేనా?"

డాక్టరమ్మ పాత చీటీలు తిరగేసింది. "ఆ రెండూ తొలి నెలల్లోనే పోయాయి. అట్లా పోయినవాటికి చాలాసార్లు కారణం దొరకదు తల్లీ. దీనివల్లే అని మాత్రం ఎవరూ చెప్పలేరు. నువ్వు చేసిన తప్పు కాదు, ఇంకెవరి తప్పూ కాదు."

తేలిగ్గా ఉండాల్సిన మాట సుమనకు బరువుగా తగిలింది. ఇన్నాళ్లకు దొరికిన కారణం చేతిలోంచి జారిపోయింది. కారణం లేకుండానే ఇద్దరు పోయారు. కారణం లేకుండానే తను అతన్ని అంత మాట అన్నది. ఆటోలో ఇంటికి వస్తూ ఆమె అత్త భుజం మీద తల పెట్టుకుని, "నేనే పాపం జేసిన అత్తా" అని ఏడ్చింది. సుభద్రమ్మ ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

ఆ సాయంత్రం సుమన ఒక నిర్ణయానికి వచ్చింది. ఫోన్‌ను సంచిలోంచి తీసేసి, చాప మీద, సరిగ్గా చెయ్యి దూరంలో పెట్టింది. ఖాళీ సంచిని మేకుకు తగిలించింది. అతను చేస్తే ముందుగా చెప్పాల్సిన మాట నోట్లో సిద్ధం చేసుకుంది. చెయ్యకపోతే తనే చేస్తుంది, ఆ బండరాయి మీద ఉండే వేళకే చేస్తుంది. ఎండ ఎదురింటి గోడెక్కింది. ఆమె చేసింది. అందుబాటులో లేదు. మళ్లీ చేసింది. అదే ఆడగొంతు. ఎండ ఆరిపోయింది. అంటే ఇవాళ అతను ఆ రాయి దాకా కూడా రాలేదన్నమాట. ఇక రాడు. సుమన చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అత్తకు వినిపించకూడదనుకుంటూనే పెద్దగా ఏడ్చింది.

అప్పుడే వాకిట్లో ఎవరో చెప్పులు విప్పిన చప్పుడైంది.

గడపలో వంశీ నిలబడి ఉన్నాడు. ఒళ్లంతా దుమ్ము, భుజాన సంచి, రెండు రోజులుగా గీయని గడ్డం. అతను ముందు ఆమె ముఖం చూడలేదు. కడుపు చూశాడు. ఏడుస్తున్న ఆమెను, కడుపును మార్చి మార్చి చూసి, ఒకే ఒక మాట అడిగాడు.

"ఉందా?"

ఆ ఒక్క మాటతో సుమనకు అంతా తెలిసిపోయింది. అతను ఇన్ని రోజులూ ఏం భయపడ్డాడో, దారి పొడుగునా ఏం మోసుకుంటూ వచ్చాడో.

"ఉంది" అంది. "ఉంది, మంచిగుంది."

వంశీ గడప మీదే కూలబడ్డాడు. సుభద్రమ్మ నీళ్ల చెంబు తెచ్చి చేతిలో పెట్టింది.

"ఫోన్ ఎందుకు బంద్ వెట్టినవే?" అన్నాడు తాగి. "రోజు జేసిన. రోజు ఆ ఆడిదే మాట్లాడె. నా మీద కోపంతోటి బంద్ వెట్టినవనుకున్న. మళ్ల అనుకున్న, కోపమైతే ఇన్నొద్దులుండది, ఏదో అయింది, నాకు జెప్పలేక బంద్ వెట్టిండ్రని. ఎవలనన్న అడగనీకె గూడ భయమాయె. ఇయ్యాల పొద్దుగాల్ల బస్సెక్కిన. నాగర్‌కర్నూల్ల చేద్దామనుకున్న, వనపర్తిల చేద్దామనుకున్న. మళ్ల ఆమె గొంతే వస్తదని భయమయి చెయ్యలే. ఎర్రవల్లి దాటినంక ఫోన్‌ల చార్జింగ్ గూడ అయిపోయింది."

"నేనేడ బంద్ వెట్టిన? నువ్వే చెయ్యలే. రోజు ఈడనే కూసున్న, మోగనే లేదు."

"మోగక ఏమైతది? మిస్డ్ కాల్ మెసేజీలన్న జూడలేదా? నేను చేసినప్పుడల్ల వచ్చి ఉంటయి."

"రీచార్జి మెసేజీలు గావచ్చు అనుకున్న."

వంశీ చుట్టూ చూశాడు. చాప మీద ఫోన్, మేకుకు మెరుస్తున్న సంచి. లేచి సంచిని చేతిలోకి తీసుకున్నాడు, వేళ్లతో మడతలు తడిమాడు. టవర్లెక్కేవాడికి ఆ మడతలు చాలు. తన ఫోన్ చార్జింగుకు పెట్టి, ప్రాణం వచ్చేదాకా ఆగి, సుమన ఫోన్‌ను సంచిలో వేసి బొందు బిగించి నంబరు నొక్కాడు. ఆ ఆడగొంతు ముగ్గురికీ వినపడేటట్టు చెప్పింది, అందుబాటులో లేదని. సంచిలోంచి తీసి మళ్లీ నొక్కాడు. ఫోన్ గొల్లున మోగింది.

సుభద్రమ్మ మగ్గం గుంజను పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "నా చేతులిరిగిపోను! బిడ్డకు కావలి వెడ్తున్ననుకుంటి గదరా!"

వంశీ సంచిని తిరగేసి చూసి అప్పుడు గుర్తుపట్టాడు. "అమ్మా, ఇది నీ పెండ్లి చీర గదనే? తాత నేసింది?"

 అతను తిట్టలేదు, నవ్వలేదు. సంచిని కళ్లకద్దుకుని మళ్లీ మేకుకే తగిలించాడు. 

తర్వాత సుమన దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆమె సిద్ధం చేసుకున్న మాట ఎక్కడికో పోయింది. "గట్ల అనొద్దుండె నేను" అని మాత్రం అనగలిగింది.

"నువ్వన్నవు. నేను అనలే, గంతే తేడా" అన్నాడు వంశీ. "రెండోది పోయినప్పటిసంది టవరెక్కినప్పుడల్ల గదే సోచాయిస్త. సార్లను అడిగితే ఏం గాదంటరు. మంచిదే. గానీ నాకు తెల్వదు సుమనా. తెలిస్తే నీకు ఎప్పుడో జెప్తుంటి."

 ఇన్నాళ్లూ ఒకే భయాన్ని చెరో చోట ఒంటరిగా మోసినవాళ్లకు అది కలిసి మోయడం కొత్తగా ఉంది.

"ఎల్లుండి పోవాలె" అన్నాడు చివరికి. "ఇక్కడ వేరే పని దొరికేదాక తప్పది." సుమన తలూపింది. ఆ ఎల్లుండి అప్పుడే వచ్చి ఇద్దరి మధ్య కూర్చున్నట్టయింది.

వంశీ వంగి, ఆమె కడుపు దగ్గరికి ముఖం తెచ్చాడు. నెలల తరబడి బండరాయి మీద నిలబడి అడిగిన మాటను మొదటిసారి ఎదురుగా అడిగాడు.

"ఏం పెద్దమనిషీ, తిన్నవా?"

ఏమీ లేదు. మళ్లీ అడిగాడు, కొంచెం గట్టిగా. మళ్లీ ఏమీ లేదు. అతని ముఖంలో రంగు మారింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక బాగానే కదిలిందని సుమన చెప్పినా అతను కడుపు మీంచి చూపు తిప్పలేదు. ఆమె అతని ముఖం చూసింది, చాప మీద ఫోన్ చూసింది. సంగతి తట్టి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"దానికి నువ్వు తెల్వదు" అంది. "ఫోన్ల గొంతే తెలుసు. నువ్వు జర బయటికి పొయ్యి చెయ్యి."

"ఏంది?"

"బయటికి పో. పొయ్యి ఫోన్ చెయ్యి."

వంశీ ఫోన్ పట్టుకుని వీధిలోకి పోయాడు. తలుపులోంచి అతని వీపు కనిపిస్తూనే ఉంది. చెయ్యి దూరంలో ఉన్న ఫోన్ మోగింది. సుమన స్పీకర్ పెట్టింది. వీధిలోంచి పలచగా ఒక గొంతు, ఫోన్‌లోంచి గరగరలాడుతూ ఇంకో గొంతు, రెండూ అతనివే.

"ఏం పెద్దమనిషీ, తిన్నవా?"

లోపల తన్ను పడింది. ఇన్నాళ్ల బాకీ తీర్చినట్టు గట్టిగా పడింది. "తన్నింది!" అని సుమన అరిచింది. వీధిలో వంశీ అట్లాగే నిలబడిపోయాడు. ఇంత దూరం వచ్చిన తండ్రిని పట్టించుకోకుండా ఫోన్‌ను పట్టించుకున్న బిడ్డ మీద అతనికి సంతోషమే కలిగింది గానీ, ఆ సంతోషం అడుగున నొప్పి కూడా ఉంది. ఇల్లు పది అడుగుల్లో ఉండి కూడా అతను బయటే ఉన్నాడు.

"పెట్టెయ్యకు" అంది సుమన. "మాట్లాడుకుంట లోపలికి రా. మెల్లగ రా."

అతను కోతుల కథ మొదలుపెట్టాడు. గడప దాటాడు, మగ్గం పక్కనుంచి నడిచాడు. దగ్గరికి వచ్చేసరికి రెండు ఫోన్లూ ఒకదాన్నొకటి చూసి కీచుమన్నాయి. లోపల బిడ్డ ఉలిక్కిపడింది, సుభద్రమ్మ చెవులు మూసుకుంది. సుమన తన ఫోన్ చప్పుడు కొంచెం తగ్గించింది. అతను ఇంకొంచెం వంగాడు. ఆమె ఇంకొంచెం తగ్గించింది. ఫోన్‌లోని గొంతు సన్నబడుతున్నకొద్దీ అతని గొంతు దగ్గరికి వచ్చింది. చివరికి ఆమె ఎర్ర గుర్తు నొక్కి ఫోన్ పెట్టేసింది. వంశీ గమనించలేదు. ఫోన్ చెవికి అట్లాగే పెట్టుకుని, రెండో చెయ్యి ఆమె కడుపు మీద వేసి, రొట్టెల మూట చెట్టెక్కిన సంగతి చెబుతూనే ఉన్నాడు. సుమన ఎదురుచూసింది. ఇంత ఎదురుచూపు ఆ సాయంత్రాలన్నింటిలోనూ చూడలేదు.

సరిగ్గా అతని అరచేతి కింద తన్ను పడింది.

వంశీ మాట మధ్యలోనే ఆగిపోయింది. చేతిని చూసుకున్నాడు, చెవి దగ్గర మూగగా ఉన్న ఫోన్‌ను చూసుకున్నాడు. ఏదో అడగబోయాడు.

"ఆపకు" అంది సుమన. "చెప్పు. ఎల్లుండి దాక చెప్పుకుంటనే ఉండు."